ఎస్‌జీపీటీ 78 వస్తే లివర్ పాడైనట్టేనా?

వయసు 38, మందు అలవాటు లేదు, హెల్త్ చెకప్‌లో ఎస్‌జీపీటీ 78, ఎస్‌జీఓటీ 52, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు, బిలిరుబిన్ నార్మల్, లివర్ పాడైనట్టేనా అని అడిగారు. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనే ఆ రెండు లివర్ ఎంజైముల్ని బట్టి అంత మాట అనలేం. నేను డాక్టర్ని కాదు గానీ, మా ఇంట్లో ఈ రిపోర్టులు చాలానే చూశాను.

మా నాన్నగారికి సిరోసిస్ (లివర్ మచ్చకట్టి గట్టిపడటం) బయటపడిన రోజు ఎస్‌జీపీటీ 34. పూర్తిగా నార్మల్! కానీ పొట్టలో నీరు, కాళ్ల వాపు, ప్లేట్‌లెట్లు 82 వేలు, ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రోటీన్) 2.7, రెండూ తక్కువే. కణాలు దెబ్బతింటుంటే ఈ ఎంజైములు రక్తంలోకి కారతాయి. లివర్ చాలావరకు మచ్చకట్టాక కారడానికి మిగిలేది తక్కువ. అదే మా పిన్ని కొడుక్కి హెపటైటిస్ ఏ వచ్చినప్పుడు ఎస్‌జీపీటీ 1,800 దాటింది, కొన్ని వారాల్లో దానంతటదే దిగిపోయింది. పేరు మాత్రం ఊళ్లో పసరు మందు పోసినాయనకి దక్కింది. అంకె పెద్దదైతే జబ్బు పెద్దదనుకోకండి. లివర్ ఎలా పనిచేస్తోందో చెప్పేవి ఆల్బుమిన్, ఐఎన్‌ఆర్ (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతోందో చూసే పరీక్ష), బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం).

మీలా ఎస్‌జీఓటీ కంటే ఎస్‌జీపీటీ ఎక్కువగా, కాస్త మాత్రమే పెరిగితే ఎక్కువగా ఫ్యాటీ లివరే అయి ఉంటుంది. మద్యం వల్ల అయితే సాధారణంగా ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీకి రెట్టింపు ఉంటుంది. జిమ్‌లో బరువులెత్తినా రెండూ పెరుగుతాయి, ఎందుకంటే కండరాల్లోనూ ఇవి ఉంటాయి. అలవాటుంటే ఓ వారం ఆపి మళ్లీ చేయించండి, సీపీకే (కండరాల ఎంజైము పరీక్ష) కూడా కలపమనండి.

లివర్ ఎంత మచ్చకట్టిందో అంచనా వేయడానికి ఫిబ్-4 అని ఓ లెక్క ఉంది. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, ప్లేట్‌లెట్లను (వేలల్లో) ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించగా వచ్చినదానితో భాగించాలి. మీకు 0.93 వస్తోంది. 1.3 లోపు ఉంటే లివర్ బాగా మచ్చకట్టి ఉండే అవకాశం తక్కువ. అయినా హెపటైటిస్ బీ, సీ పరీక్షలు, షుగర్, అల్ట్రాసౌండ్ చేయించండి. వాడే మందులన్నీ డాక్టర్‌కి చెప్పండి, కషాయాలతో సహా. కరోనా టైంలో తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసుల్ని ముంబై డాక్టర్లు ప్రచురించారు. "లివర్ టానిక్" జోలికి మాత్రం సొంతంగా పోకండి.

కళ్లు పచ్చబడినా, మనిషి మత్తుగా ఉన్నా మళ్లీ టెస్టు దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.