మా అబ్బాయికి బ్యాకెండ్ పడదా? జెన్ ఏఐలో చేర్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. నోడ్‌లో (సర్వర్ వైపు జావాస్క్రిప్ట్) ప్రాజెక్టు చేశాడు. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో, యూఆర్‌ఎల్‌లో ? తర్వాత ఉన్న క్వెరీ స్ట్రింగ్‌ను సర్వర్ ఎలా విడదీస్తుందని అడిగితే నోరు మెదపలేకపోయాడట. బ్యాకెండ్ (వెబ్‌సైట్ వెనక సర్వర్ వైపు పని) మాన్పించి అమీర్‌పేటలో జెన్ ఏఐ (చాట్‌జీపీటీ లాంటి ఏఐ) కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. ఏది మేలు? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే అయినా, మూడేళ్ల ఫీజు బూడిదలో పోసిన పన్నీరైందేమోనన్నది మీ అసలు భయం. కాలేదండీ. నోడ్‌తో వాడే ఎక్స్‌ప్రెస్ అనే లైబ్రరీ ఆ విడదీసే పని చేసి చేతికిస్తుంది కాబట్టి లోపల ఏం జరుగుతుందో చూసే అవసరం అబ్బాయికి రాలేదు, అంతే. వారం రోజుల్లో సరిదిద్దుకోవచ్చు.

లైబ్రరీ ముట్టకుండా పార్సర్ (క్వెరీ స్ట్రింగ్‌ను పేరు=విలువ జతలుగా విడదీసే కోడ్) తనే రాయాలి. ముందు & దగ్గర ముక్కలు చేయాలి. ఒక్కో ముక్కను మొదటి = దగ్గర మాత్రమే విడదీయాలి, ఎందుకంటే విలువలోనూ = రావచ్చు. తర్వాత + ను ఖాళీ జాగాగా (స్పేస్) మార్చి, చివర్లో % కోడ్లు డీకోడ్ చేయాలి, అంటే అసలు అక్షరాలుగా మార్చాలి. అందరూ తప్పేది ఈ వరసలోనే. ముందే డీకోడ్ చేస్తే ‘టీ%26కాఫీ’లోని %26 కాస్తా & అయిపోయి, ఒక్క విలువ రెండుగా చీలుతుంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ 3 బైట్లు, అంటే మూడు % కోడ్లు. బైట్లన్నీ పోగేశాక అక్షరాలుగా మార్చాలి, ఒక్కొక్కటిగా మారిస్తే పిచ్చిగీతలే.

ఇంటర్వ్యూల్లో ఇష్టంగా అడిగేది ఇంకోటుంది. ?ఐడీ=5&ఐడీ=7 అని వస్తే పీహెచ్‌పీ 7 తీసుకుంటుంది, జావా సర్వ్‌లెట్‌లో గెట్‌పారామీటర్ 5 ఇస్తుంది, ఎక్స్‌ప్రెస్ రెండూ కలిపి అరే (జాబితా) ఇస్తుంది. ముందున్న ఫిల్టర్ 5ను పరీక్షించి వదిలి, వెనకున్న యాప్ 7ను వాడిందంటే భద్రతకు అక్కడే కన్నం పడుతుంది.

ఇక జెన్ ఏఐ. ఆ పేరుతో అమ్ముతున్న చిన్న కోర్సుల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. వాటిలో చాలావరకు నేర్పేది ఏపీఐకి (ఏఐని మన ప్రోగ్రామ్‌తో కలిపే దారి) ప్రాంప్టు పంపి, వచ్చిన జవాబును తెరమీద చూపించడం. ఆ ప్రాంప్టు వచ్చేదీ సర్వర్ మీదుగానే కదా! బ్యాకెండ్ తెలియనివాళ్లు ఏపీఐ కీని (పాస్‌వర్డ్ లాంటి రహస్య కోడ్) తెచ్చి యూఆర్‌ఎల్‌లోనే పెడతారు. అది, వచ్చిన యూఆర్‌ఎల్‌లను సర్వర్ రాసుకునే యాక్సెస్ లాగ్‌లో పడి, లాగ్ చూసే ప్రతివాడికీ దొరుకుతుంది. మీరడిగిన పోలికకు నా జవాబు ఇంతే: బ్యాకెండ్ వస్తే ఏఐ తర్వాతైనా నేర్చుకోవచ్చు.

ఒక మాట కటువుగా అంటాను, ఏమీ అనుకోకండి. ఒక్క ఇంటర్వ్యూ పోతే పిల్లాడి దారే మార్చేస్తారా? ఉత్తరం నిండా మీ నిర్ణయమే ఉంది, అతనికేం కావాలో ఒక్క ముక్క లేదు.

పార్సర్ రాశాక ఖాళీ విలువ, = లేని పేరు, రెండుసార్లు వచ్చిన పేరు, తెలుగు పదం ఇచ్చి చూడమనండి. నాలుగూ నిలిచాక కూడా అతనికే ఏఐ మీద మనసుంటే, కోర్సు ఫీజు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.