విదేశీ సాయం పేద దేశాలకు మేలు చేస్తుందా, కీడు చేస్తుందా?

ప్రశ్న అడిగినాయన ఆఫ్రికాను మనసులో పెట్టుకుని అడిగినట్టున్నారు. నేను ఆఫ్రికా చూడలేదు. విశాఖపట్నంలో విదేశీ నిధులతో నడిచే ఒక స్వచ్ఛంద సంస్థలో చాలాకాలం లెక్కలు రాశాను. యూరోలు రూపాయలై, రూపాయలు ఓచర్లై, చివరికి ఎక్కడ ఇంకిపోతాయో దగ్గరగా చూసినవాణ్ణి. ఆ అనుభవంతో చెప్తున్నాను: పని చెడితే ఎవరి గుమ్మం ముందుకెళ్ళి తిట్టాలో జనానికి తెలిసినచోట సాయం పనికొస్తుంది. తెలియనిచోట, ఎన్ని కోట్లు పోసినా ఫొటోలు మిగులుతాయి.

భీమిలి వైపు ఒక జాలరి పల్లెలో మా సంస్థకి ఒక ప్రాజెక్టు ఉండేది. అక్కడ మగవాళ్ళు వేటకి వెళ్తారు, ఆడవాళ్ళు నెత్తళ్ళు, కవళ్ళు ఇసుకలో పరిచి ఎండబెట్టి అమ్ముతారు. ఇసుక అంటుకుంటోంది, కుక్కలు తొక్కుతున్నాయి, కాబట్టి శుభ్రంగా ఎండబెట్టే సోలార్ డ్రైయర్లు ఇస్తే మంచి ధర పలుకుతుంది, ఆదాయం పెరుగుతుంది అని యూరప్‌లో ఎవరో కాగితం మీద రాశారు. డబ్బొచ్చింది. ఇనుప గొట్టాలు, పైన పాలిథిన్ షీటు, లోపల జాలీ ట్రేలు. చూడ్డానికి పెళ్ళి పందిరిలా ముచ్చటగా ఉండేవి.

ఆ ఆడవాళ్ళు మొదటి వారంలోనే లెక్క తేల్చేశారు. ఎండుచేప కొనే సావుకారు కేజీల్లెక్కన కొంటాడు. అందులో చాలా భాగం కోళ్ళ దాణాకి పోయే సరుకు. దానికి ఇసుక ఉంటే ఎంత, లేకపోతే ఎంత? డ్రైయర్లో చేప ఎక్కువ ఎండి బరువు తగ్గుతుంది, ఇసుక బరువు కూడా పోతుంది, రేటు మాత్రం అదే. అంటే శుభ్రంగా ఎండబెట్టినందుకు చేతి నుంచి నష్టం. పైగా వల నిండా పడిన రోజున ఆ ట్రేలు ఏ మూలకీ చాలవు. చేప తక్కువ పడిన రోజున ఇసుకే చాలు. ఇది చెప్పడానికి ఎమ్మెస్సీ అక్కర్లేదు, ఒక్క పూట వాళ్ళ పక్కన కూర్చుంటే చాలు. మా వాళ్ళెవరూ కూర్చోలేదు. వచ్చిన ప్రతివాడూ నిలబడే మాట్లాడాడు.

అసలు తమాషా మే నెలలో జరిగింది. డబ్బిచ్చినవాళ్ళ తరఫున ఒక తెల్లాయన పరిశీలనకి వస్తున్నాడని కబురొచ్చింది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని 61 రోజులు మరబోట్లు, ఇంజను బోట్లు కదలకూడదు. తెడ్డేసుకుని వెళ్ళే తెప్పలకే మినహాయింపు. అంటే ఎండ మండిపోయే కాలంలో ఎండబెట్టడానికి చేపే ఉండదు! ప్రాజెక్టు రాసిన మహానుభావులకి ఈ సంగతి తట్టలేదు. ఆఫీసంతా టెన్షన్. చివరికి మా మేనేజరు బజారు నుంచి ఐసు చేపలు కొనిపించి, తెల్లవారేసరికి ట్రేల్లో పరిపించాడు. ఎక్కడి చేపో తెచ్చినవాడికే తెలీదు. ఆ బిల్లు నా బల్ల మీదికొచ్చింది. ‘ఏ పద్దు కింద రాయమంటారు సార్?’ అనడిగితే, ‘శిక్షణ సామగ్రి’ అన్నాడు. ఆడిట్లో ఎవరూ అడగలేదు. బిల్లు ఉంది, సంతకం ఉంది, ఇంకేం కావాలి?

తెల్లాయన మంచివాడే. టోపీ తీసి చేతులు జోడించి మరీ పలకరించాడు. ఇంకా ఏమైనా కావాలా అని అడిగాడు. ఒక పెద్దామె నోరు విప్పింది: ‘బస్సోడు గంపెక్కించుకోడు బాబూ. నీసోసనంటాడు. ఆడికి సెప్పండి.’ అంతకుమించి ఏమీ అడగలేదు. గంప బస్సెక్కితే ఆమె సావుకారుతో పనిలేకుండా తనే పట్నం పోయి అమ్ముకుంటుంది, నాలుగు డబ్బులు మిగులుతాయి. తెల్లాయన తలూపాడు. రిపోర్టులో మాత్రం ‘లబ్ధిదారులు సంతృప్తి వ్యక్తం చేశారు’ అని వచ్చింది.

ప్రాజెక్టు గడువు అయిపోయింది, జీపు రావడం మానేసింది. ఆ పాలిథిన్ షీట్లు తర్వాతి వానాకాలానికి ఇళ్ళ కప్పుల మీద కనిపించాయి. మొత్తం డబ్బులో నిజంగా పనికొచ్చింది ఆ షీట్లే అని నా అభిప్రాయం. కొన్నాళ్ళకి పంచాయతీ డబ్బుతో చేపలు ఎండబెట్టుకోడానికి సిమెంటు గచ్చు వేశారు. అదీ ఎన్నికల ముందు ఆడవాళ్ళంతా సర్పంచి ఇంటిమీదికి వెళ్తేనే. గచ్చు నాసిరకం, పగిలింది. మళ్ళీ వెళ్ళారు. వెళ్ళడానికి ఒక ఇల్లుంది కదా.

మాటొచ్చింది కాబట్టి ఇంకో గోడు. విదేశీ సొమ్ముకి మన దగ్గర నిబంధనలు తక్కువేం కాదు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత ఏ దేశం నుంచి పైసా వచ్చినా ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలో పడాలి. ఆఫీసు ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. తీసుకున్న సొమ్ము ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. పెద్ద సంస్థ తీసుకుని పల్లెలో పనిచేసే చిన్న సంస్థకి ఇచ్చే దారి దాంతో మూసుకుపోయింది. అంటే మొలలోతు బురదలో నిలబడి పనిచేసేవాడికే దెబ్బ, బీచ్ రోడ్డు హోటల్లో ‘సాధికారత’ మీద వర్క్‌షాపు పెట్టేవాడు బాగానే ఉన్నాడు. ప్రభుత్వానికి ఒక ఫారం, దాతకి ఒక ఫారం, ఆడిటరుకి ఒక ఫారం నింపాను. ఆ చేపలమ్మే ఆమె సంతకం పెట్టి ‘ఇది దండగ’ అని రాసే ఫారం మాత్రం నా సర్వీసులో చూడలేదు.

ఇదంతా విని విదేశీ సాయమంటేనే మోసం అని తీర్మానించేసేవాళ్ళతో నాకు పడదు. 1988లో ఇదే విశాఖలో బ్రిటన్ ప్రభుత్వ డబ్బుతో మురికివాడల అభివృద్ధి పథకం మొదలైంది. రోడ్లు, కాలువలు, కుళాయిలు, వీధి దీపాలు. మా మేనమామ వాళ్ళు కొండవాలు పేటలో ఉండేవారు. అత్తయ్య కిందనుంచి బిందెలు మోసేది, వానొస్తే కాలు జారేది. సిమెంటు మెట్లు, కుళాయి వచ్చాక ఆ ఇంటి పద్ధతే మారిపోయింది. అది బ్రిటన్ సొమ్మని అత్తయ్యకి ఇప్పటికీ తెలీదు. పని చేయించింది మునిసిపాలిటీ. కాలువ పూడితే వార్డు కౌన్సిలర్ని పట్టుకుని దులిపేసేవారు. లండన్‌కి ఉత్తరం రాయాల్సిన పని లేకపోయింది.

దీనికి ఎదురు కథ కావాలంటే కరీబియన్ దేశం హైతీ సంగతి చూడండి. 1990ల్లో అమెరికా ఒత్తిడితో ఆ దేశం బియ్యం మీద దిగుమతి సుంకం బాగా తగ్గించింది. సబ్సిడీతో పండిన అమెరికా బియ్యం చవగ్గా దిగింది, అక్కడి వరి రైతు చితికిపోయాడు. తన రాష్ట్రం ఆర్కన్సాలో కొందరు రైతులకి లాభం జరిగిందేమో గానీ అది తప్పే అని బిల్ క్లింటనే 2010లో సెనేట్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు. హైతీ రైతుకి ఆర్కన్సాలో ఓటు లేదు. వాడెవర్ని తిట్టాలి?

మందుల దగ్గర మాత్రం నా సూత్రం అంతగా నిలవదు, అది చెప్పకపోతే అన్యాయం. 2003లో బుష్ హయాంలో మొదలైన ఎయిడ్స్ కార్యక్రమం ఆఫ్రికాలో లక్షల ప్రాణాలు నిలబెట్టింది. ఆ మాత్ర మింగినవాడికి అమెరికాలో ఏ కౌన్సిలరూ లేడు, అయినా పనిచేసింది. సరే, 2025 జనవరిలో ఒక్క ఉత్తర్వుతో అమెరికా విదేశీ సాయం స్తంభించిపోయింది, జూలై 1కల్లా ఆ సాయం పంచే యూఎస్‌ఎయిడ్ అనే ప్రభుత్వ సంస్థే మూతపడింది. అప్పుడు క్లినిక్ తలుపు దగ్గర నిలబడ్డవాడు ఏం చేయగలిగాడు? కాబట్టి సూత్రాన్ని నేను పూర్తిగా వదులుకోను.

‘మరి దక్షిణ కొరియా?’ అంటారు. నిజమే, యుద్ధం తర్వాత అమెరికా సాయంతో బతికిన దేశం 2010కల్లా సాయమిచ్చే దేశాల కమిటీలో చేరింది. అయితే పోహాంగ్‌లో ఉక్కు కర్మాగారం కడతామంటే ప్రపంచ బ్యాంకు అది గిట్టుబాటు కాదంది. వాళ్ళు వినలేదు. జపాన్ నుంచి పరిహారంగా వచ్చిన సొమ్ము దానికి మళ్ళించారు, 1973లో ఉత్పత్తి మొదలైంది. ఏం కట్టాలో వాళ్ళే తేల్చుకున్నారు.

మనమూ అంతే. విశాఖ ఉక్కు కావాలని 1966లో జనం రోడ్డెక్కారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1979లో గానీ కుదరలేదు. అడిగింది ముందు మనం, సాయం తర్వాత వచ్చింది. అదీ దానం కాదు, అప్పు. ఇప్పుడా సోవియట్ యూనియనే లేదు. 2021లో కర్మాగారం అమ్మేస్తామని కేంద్రం అన్నప్పుడు మళ్ళీ జనమే రోడ్డెక్కారు, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. అది సరిపోతుందా, భూములిచ్చిన నిర్వాసితుల సంగతేమిటి అన్నది వేరే గొడవ. ఎవరైనా అడిగితే దానికి విడిగా రాస్తాను.