కాలేయంలో క్యాన్సర్ గడ్డ: సూదితో వేడి పెడితే పోతుందా?

ప్రశ్న: నాన్నగారికి 63 ఏళ్లు. హెపటైటిస్-బి వల్ల సిర్రోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు) వచ్చింది. ఇటీవల కాలేయంలో 2.5 సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ బయటపడింది. ఆపరేషన్ తట్టుకోలేరని, సూది గుచ్చి వేడితో గడ్డను కాల్చేస్తామని డాక్టర్లు అంటున్నారు. దీనితో నిజంగా పోతుందా? పక్క అవయవాలు కాలిపోవా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: 3 సెంటీమీటర్ల లోపు గడ్డలకు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఆపరేషన్ కుదరక సరిపెట్టుకుంటున్నామని బాధపడకండి.

60 డిగ్రీలు దాటితే కణంలోని ప్రొటీన్లు ఉడికిన గుడ్డు తెల్లసొనలా గడ్డకడతాయి, కణం చచ్చిపోతుంది. వేడి పుట్టించడం తేలికే. దాన్ని గడ్డ అంచు దాకా తీసుకెళ్లడమే కష్టం. రేడియోఫ్రీక్వెన్సీ పద్ధతిలో సూది కొన నుంచి సెకనుకు లక్షల సార్లు దిశ మారే విద్యుత్తు పంపుతారు. కణాల్లోని అయాన్లు (విద్యుదావేశం ఉన్న సూక్ష్మ రేణువులు) అటూ ఇటూ ఊగి, ఆ ఒరిపిడికి వేడి పుడుతుంది. తొందరపడి వేడిని 100 డిగ్రీలు దాటిస్తే సూది చుట్టూ కణజాలం మాడిపోయి, విద్యుత్తు ముందుకు పారదు. పెద్ద మంట మీద దిబ్బరొట్టె అడుగు మాడి లోపల పచ్చిగా మిగిలినట్లే. అందుకే ఇంజినీర్లు సూది లోపల చల్లటి నీరు తిరిగేలా చేశారు. సూది చల్లగా ఉంటేనే వేడి దూరం వెళ్తుంది!

మీ డాక్టర్‌ను తప్పక అడగవలసింది ఒకటుంది: గడ్డకు రక్తనాళాలు, పిత్తనాళం ఎంత దూరంలో ఉన్నాయి? పక్కనే 3 మిల్లీమీటర్లకు మించిన రక్తనాళం ఉంటే, పారే రక్తం వేడిని లాక్కుపోయి క్యాన్సర్ కణాలు మిగిలిపోవచ్చు. అలాంటి చోట త్వరగా, ఎక్కువగా వేడెక్కించే మైక్రోవేవ్ సూది మేలు. గడ్డ ప్రధాన పిత్తనాళాన్ని ఆనుకుని ఉంటే మాత్రం నేను ఈ చికిత్సకు మొగ్గు చూపను.

పేగు దగ్గరగా ఉంటే మధ్యలో డెక్స్‌ట్రోస్ (చక్కెర) ద్రవం ఎక్కించి పేగును పక్కకు జరుపుతాం. సెలైన్ వాడం, ఉప్పునీటిలో విద్యుత్తు పారుతుంది కనుక. నాన్నగారికి పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి.

చికిత్స తర్వాత కొద్ది రోజులు స్వల్ప జ్వరం, ఒళ్లు నొప్పులు మామూలే. చలితో తీవ్ర జ్వరం వచ్చినా, కడుపునొప్పి పెరిగినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నెల తర్వాత స్కాన్‌లో గడ్డ పూర్తిగా కాలిందో లేదో తెలుస్తుంది. సిర్రోసిస్ ఉన్న కాలేయంలో మరోచోట కొత్త గడ్డ పుట్టవచ్చు కాబట్టి తర్వాతి స్కాన్లు ఒక్కటీ మానవద్దు. హెపటైటిస్-బి మందును డాక్టర్ చెప్పకుండా ఆపనే ఆపవద్దు.