పాఠకుల సందేహాలు: అడగకుండా ఎత్తి వేసుకున్న రాతలు

ప్రశ్న: పెన్నా ఒడ్డు ఊళ్ల చరిత్ర గురించి కొన్నేళ్లుగా నా బ్లాగులో రాస్తున్నాను. కైఫీయత్తులు (ఊళ్ల పాత వృత్తాంతాల రాతలు) చదివి, ఆ ఊళ్లకు వెళ్లి పెద్దలను అడిగి తెలుసుకుని, శాసనాల ఫొటోలు స్వయంగా తీసి రాసే వ్యాసాలవి. ఈ మధ్య ఒక వార్తల వెబ్‌సైటు సిద్ధవటం, గండికోటల మీద నేను రాసిన వ్యాసాలను ఫొటోలతో సహా అక్షరం మార్చకుండా వేసుకుని, కింద ‘సేకరణ’ అని పెట్టింది. నా పేరు ఎక్కడా లేదు. అడిగితే, ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టినదాన్ని ఎవరైనా వాడుకోవచ్చనీ, కావాలంటే పేరు చేరుస్తామనీ, అయినా కైఫీయత్తులు మీ సొత్తా అనీ జవాబిచ్చారు. నేను కాపీరైటు రిజిస్టరు చేయించుకోలేదు. నాకు హక్కు ఉన్నట్టేనా? ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: హక్కు పూర్తిగా మీదేనమ్మా. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచన మీద హక్కు రాయడంతోనే పుడుతుంది. రిజిస్ట్రేషన్ వివాదం వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుందే తప్ప, అది లేనందువల్ల హక్కు పోదు. మీరు తీసిన ఫొటోలకూ ఇదే వర్తిస్తుంది. అందరూ చదవడానికి పెట్టడం వేరు, అందరూ ప్రచురించుకోవడానికి ఇవ్వడం వేరు. కళ్లంలో ఆరబోసిన శనక్కాయలకు కాపలా లేనంత మాత్రాన అవి దారిన పోయేవారివి కావు.

కైఫీయత్తుల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ వెబ్‌సైటువారి వాదనలో నిజం లాగా వినిపించేది అదొక్కటే. ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ కోసం ఆయన సహాయకులు పంతొమ్మిదో శతాబ్ది తొలినాళ్లలో ఊరూరా తిరిగి సేకరించిన ఆ వృత్తాంతాలు నేడు ఏ ఒక్కరి సొత్తూ కావు. సిద్ధవటం కోట ఎవరి ఏలుబడిలో ఉండేది, ఏ శాసనంలో ఏ దానం గురించి ఉంది అనే సమాచారమూ అంతే. భావాలకు, చారిత్రక విషయాలకు కాపీరైటు ఉండదని, వాటిని చెప్పిన తీరుకే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లోనే స్పష్టం చేసింది. ఆ వెబ్‌సైటువారు కూడా కడపలోని బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లి, అవే కైఫీయత్తులు చదివి, తమ మాటల్లో తాము రాసుకుని ఉంటే మీరు అభ్యంతరం చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. వారు తీసుకున్నది కైఫీయత్తును కాదు. దాన్ని చదివి, ఊరి పెద్దల మాటతో సరిచూసి, మీరు కట్టిన వాక్యాలను.

పేరు చేరుస్తామన్న మాటతో సరిపెట్టుకోవలసిన అవసరం మీకు లేదు. చట్టంలో ఇవి రెండు వేర్వేరు హక్కులు. ప్రచురణకు అనుమతి ఇవ్వడమో నిరాకరించడమో ఒకటి. రచయితగా గుర్తింపు పొందడం, రచనను తన ప్రతిష్ఠకు భంగం కలిగేలా వక్రీకరించకుండా అడ్డుకోవడం రెండోది. ఇది 57వ సెక్షను ఇచ్చిన ప్రత్యేక హక్కు, హక్కులన్నీ ఇంకొకరికి రాసిచ్చిన తర్వాత కూడా రచయితను వదిలిపోదు. మీ విషయంలో రెండింటికీ భంగం కలిగింది. నా దృష్టిలో పేరు తీసేయడమే పెద్ద అన్యాయం. ఊళ్ల చరిత్ర రాసేవారికి డబ్బు ఎలాగూ రాదు. రేపు ఇంకొక పరిశోధకుడు ఆ వ్యాసం చదివి, సందేహం వచ్చి ఎవరిని అడగాలో తెలియక ఆగిపోతే, మీతో పాటు ఆ చరిత్రకూ నష్టమే.

ఇక చేయవలసిన పనులు. మళ్లీ వారికి ఉత్తరం రాయకముందే ఆధారాలు భద్రపరచండి, ఎందుకంటే గట్టిగా అడిగిన మరుక్షణం పేజీ మాయం కావచ్చు. పేజీ చిరునామా, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీని దాచండి. మీ కెమెరాలోని అసలు ఫైళ్లను చెరపకండి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను ప్రకారం, ఇలాంటి ఎలక్ట్రానిక్ ఆధారాలను కోర్టు ముందు పెట్టేటప్పుడు ధ్రువపత్రం జతచేయాలని కూడా గుర్తుంచుకోండి.

ఆ తర్వాత వ్యాసాలు తొలగించాలని వారికి గడువు పెట్టి లిఖితపూర్వకంగా తెలియజేయండి. వారు కదలకపోతే గూగుల్‌కు ఫిర్యాదు చేసే ఫారం ఉంది. అమెరికాలో 1998లో వచ్చిన చట్టాన్ని అనుసరించి ఆ సంస్థ అలాంటి పేజీలను వెతుకులాట ఫలితాల నుంచి తీసేస్తుంది. వ్యాసం ఆ సైటులో అలాగే ఉన్నా, వెతికేవారికి దొరకని పేజీకి ప్రకటనల రాబడి తగ్గుతుంది కాబట్టి దారికి వచ్చేవారు ఉంటారు. మన దేశంలోనూ 2013 నాటి కాపీరైటు నియమాల కింద మధ్యవర్తి సంస్థకు, అంటే ఇతరుల రాతలను చూపే, చేరవేసే వేదికకు, ఫిర్యాదు చేస్తే అది 36 గంటల్లో చర్య తీసుకోవాలి. అయితే 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెస్తామని మీరు హామీ ఇవ్వవలసి ఉంటుంది. దావాకు సిద్ధపడకుండా ఆ దారి తొక్కవద్దు.

దావా అనగానే హైదరాబాదు చుట్టూ తిరగాలని భయపడకండి. కాపీరైటు చట్టంలోని 62వ సెక్షను ప్రకారం మీరు నివసించే చోట అధికార పరిధి ఉన్న జిల్లా కోర్టులోనే దావా వేయవచ్చు. నష్టపరిహారం కోరాలంటే మూడేళ్ల లోపు వేయాలి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కును 1987 నాటి చట్టం ఇచ్చింది కనుక, కడపలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ముందుగా ఒక న్యాయవాదితో మాట్లాడండి. పోలీసు కేసుకూ వీలుంది, శిక్ష ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా పడవచ్చు. కానీ వ్యాసం దించడమే మీకు ముఖ్యమైతే అది మొదట వేయవలసిన అడుగు కాదని నా అభిప్రాయం.

ఇంకొక్క మాట. వర్తమాన రాజకీయ, ఆర్థిక, సామాజిక, మత విషయాల మీద రాసిన వ్యాసాలను, రచయిత హక్కును స్పష్టంగా అట్టిపెట్టుకోకపోతే, పత్రికలు పునర్ముద్రించుకునే వెసులుబాటు 52వ సెక్షనులో ఉంది. మీ చరిత్ర వ్యాసాలకు అది వర్తించకపోయినా, ‘అనుమతి లేకుండా పునర్ముద్రించరాదు’ అన్న వాక్యం ప్రతి వ్యాసం కింద ఉంచండి.

ప్రశ్న: నేను తెలుగు ఉపాధ్యాయుణ్ణి. విద్యార్థుల కోసం నడుపుతున్న వెబ్‌సైటులో ఇతరుల వ్యాసాలు, కవితలు రచయితల పేర్లతోనే పెడుతున్నాను. ఒక్క రూపాయి రాదు. ఇదీ తప్పేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: తరగతిలో బోధన కోసం పాఠాన్ని నకలు చేసి పిల్లలకు ఇవ్వడాన్ని చట్టం అనుమతిస్తుంది. లోకమంతా చూసే వెబ్‌సైటులో పూర్తి రచన పెట్టడం అందులోకి రాదు. రాబడి లేకపోయినా, పేరు వేసినా రచయిత అనుమతి కావాలి. రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు అరవయ్యేళ్ల వరకు హక్కు వారసులకు ఉంటుంది. మీ ప్రాంతానికి చెందిన పుట్టపర్తి నారాయణాచార్యులు 1990లో కన్నుమూశారు కాబట్టి ఆయన రచనల మీద హక్కు 2050 చివరి దాకా కొనసాగుతుంది. గురజాడ వంటి పాతతరం వారివి నిశ్చింతగా పెట్టుకోండి. తెలుగు వికీపీడియా వ్యాసాలను మూలం పేర్కొని, అదే లైసెన్సు (వికీపీడియా పెట్టిన అనుమతి షరతులు) కింద వాడుకోవచ్చు. జీవించి ఉన్నవారికి ఒక ఈమెయిలు రాయండి. పిల్లల కోసమంటే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. జవాబు వచ్చేలోగా నాలుగు వాక్యాల పరిచయం మీ మాటల్లో రాసి, మూల వ్యాసానికి లింకు ఇస్తే సరిపోతుంది.