ఉర్దూ లాంటి లిపి ఉన్న పాత స్టాంపు ఏ దేశానిదో ఎలా తెలుస్తుంది?

మీ తాతగారి కవరు మీది స్టాంపుకు 'అరబ్బీ లాంటి' రాత ఉందనీ, ఫోన్లో వెతికితే ఇరాన్ అని చూపిస్తోందనీ అడిగారు. ముందు ఆ ఫోన్ పక్కన పెట్టండి. తెలంగాణ ఇళ్లలో పాత పెట్టెల్లోంచి బయటపడే ఇలాంటివి దాదాపు అన్నీ నిజాం సర్కారువే, కావాలంటే పందెం.

మా పెద్దనాన్న కొడుకు ఒకసారి ఇలాగే ఒకటి పట్టుకొచ్చాడు. జనగామ దగ్గర మా పాత ఇంట్లో, పట్వారీ లెక్కల కట్టల్లో దొరికిందట. వేలిగోరంత, ఇటుక రంగు. "ఇరాన్‌దంట్రా తమ్ముడూ, లక్షల్లో పలుకుతదట" అని ఒకటే హడావిడి. కూర్చోమని చెప్పి భూతద్దం తీశాను. మధ్యలో ఉర్దూ రాత. చుట్టూ అంచుల్లో ఇంగ్లీషు, ఒకచోట మరాఠీ, ఇంకోపక్క పోస్టు ముద్ర సిరాలో సగం మునిగిపోయి తెలుగు అక్షరాలు! ఇరాన్ వాళ్లకి తెలుగుతో ఏం పని? 1871లో వచ్చి చాలా ఏళ్లు నడిచిన నిజాం స్టాంపుల మీద ఈ నాలుగు లిపులూ ఉంటాయి. వాటన్నిటి పైనా నల్లగా ఇంకో ఉర్దూ ముక్క కొట్టి ఉంది. మా వీధిలో ఉర్దూ మాస్టారికి చూపిస్తే కళ్లజోడు కూడా సర్దుకోకుండా "సర్కారీ" అని చదివేశారు. ప్రభుత్వ ఉత్తరాలకు వాడే స్టాంపన్నమాట. పట్వారీ కట్టల్లోకి ఎలా వచ్చిందో అక్కడే తేలిపోయింది.

లక్షలు పోయాయని అన్నయ్య మొహం వాడిపోయింది గానీ, నాకు మండింది వేరే సంగతికి. స్టాంపు మేరకు కవర్ని కత్తెరతో కత్తిరించి తెచ్చాడు మహానుభావుడు. ముద్రలో సగం అక్కడే తెగిపోయింది. ఊరి పేరు, తేదీ ఆ సగంలోనే ఉండాలి. మిగతా కవరేదిరా అంటే, పాత కాగితాలతో పాటు నీళ్ల పొయ్యిలోకి పోయిందట!

స్టాంపు కన్నా కవరే ఎక్కువ చెప్తుంది. నిజాం స్టాంపు రాజ్యం లోపలే చెల్లేది. వరంగల్ నుంచి హైదరాబాద్‌కు రాస్తే సరిపోయేది, బెజవాడకు రాయాలంటే బ్రిటిష్ ఇండియా స్టాంపు అంటించాల్సిందే. ఉత్తరం ఎక్కడ బయల్దేరి ఎక్కడికి చేరిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఇంత చెప్పినా స్టాంపుని ఆవిరి పట్టి పీకేవాళ్లు, ల్యామినేషన్ చేయించి మరీ తెచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్లనేమనాలో నాకు తెలియదు.

1931లో వచ్చిన నిజాం బొమ్మల స్టాంపులైతే అసలు తికమకే లేదు. అణా మీద చార్మినార్, రెండణాల మీద హైకోర్టు, నాలుగణాల మీద ఉస్మాన్‌సాగర్. వేరే చోట్ల స్టాంపులకూ ఇలాంటి గుర్తులే ఉంటాయి. శంఖం కనిపిస్తే ఇప్పటి కేరళలోని పాత తిరువాన్కూరు సంస్థానం. దేశం పేరే లేకుండా రాజు తలో రాణి తలో ఉంటే బ్రిటన్. హెల్వెషియా అని రాసి ఉంటే స్విట్జర్లాండ్, మాగ్యార్ అని ఉంటే హంగేరీ.

ధర సంగతి మీరు అడగలేదు, సంతోషం. అందరూ మొదట అడిగేది అదే. మీ కవరు రెండు వైపులా ఫొటో తీసి పెట్టండి, ముద్ర మాత్రం స్పష్టంగా పడాలి. కత్తెర జోలికి వెళ్లకండి.