మూడో టీమ్, నాలుగో బోర్డ్: ఇంగ్లండ్‌లో లీగ్ చెస్ ఆడాలనుకునే మన వాళ్లకి

"అన్నా, బీటెక్‌లో యూనివర్సిటీ టీమ్‌కి ఆడాను. ఇప్పుడు మాస్టర్స్‌కి ఇంగ్లండ్ వచ్చాను. ఇక్కడి క్లబ్బులో చేరితే మ్యాచ్‌లు ఆడనిస్తారా? వీసాకి ఏమైనా ఇబ్బందా?" సెప్టెంబర్ వచ్చిందంటే ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు.

ఆడనివ్వడమా! టీమ్‌కి సరిపడా ఆటగాళ్లు దొరక్క కెప్టెన్లు తల పట్టుకుంటుంటారు. ఇక వీసా అంటారా, లీగ్‌లో మనకి ఎవరూ డబ్బులివ్వరు. మనమే సభ్యత్వం కట్టి ఆడతాం కాబట్టి అది ఉద్యోగం కిందకి రాదు. కానీ స్టూడెంట్ వీసా మీద ఉండి, పిల్లల ఇళ్లకెళ్లి చెస్ నేర్పి గంటకింత అని తీసుకోకండి. అది సొంతంగా పని చేసుకోవడం అవుతుంది, ఆ వీసా దానికి ఒప్పుకోదు. 2018లో చెస్‌లో అసాధారణ ప్రతిభ ఉన్న శ్రేయాస్ రాయల్ అనే తొమ్మిదేళ్ల పిల్లాడి కుటుంబానికి వీసా గడువు ముగియబోతుంటే ప్రభుత్వమే కలగజేసుకుని ఇక్కడ ఉండనిచ్చింది. ఆ అబ్బాయి 2024లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. మన క్లబ్బు మూడో టీమ్ ఆట చూపించి, వీసాలు చూసే హోమ్ ఆఫీస్ దగ్గర అలాంటి ఆశలు పెట్టుకోవద్దు.

మన దగ్గర టోర్నమెంట్ అంటే శని, ఆదివారాలు పొద్దున్నుంచి రాత్రి దాకా వరసగా రౌండ్లు. ఇక్కడి లోకల్ లీగ్ అలా కాదు. మామూలు పనిరోజున సాయంత్రం ఏడున్నరకి, చర్చి హాల్లోనో పబ్ మేడ మీది గదిలోనో ఒకే ఒక్క గేమ్. సెప్టెంబర్, అక్టోబర్‌లలో మొదలై ఏప్రిల్, మే దాకా, కొన్నిసార్లు మన క్లబ్బులో, కొన్నిసార్లు పక్క ఊళ్లో. టీమ్‌కి నాలుగు నుంచి ఎనిమిది బోర్డులుంటాయి, అంటే అంతమంది ఆటగాళ్లు. లీగ్‌ని బట్టి మారుతుంది. రేటింగ్ (ఆట బలాన్ని చెప్పే అంకె) ఎక్కువున్నవాళ్లు పై బోర్డుల్లో కూర్చుంటారు. కొత్తగా వచ్చినవాళ్లని ముందు రెండో, మూడో టీమ్ లాంటి కింది టీమ్‌లో వేస్తారు, చిన్నబుచ్చుకోకండి. ఆన్‌లైన్‌లో 1900 రేటింగ్ ఉందని చెప్తే నవ్వి ఊరుకుంటారు. నాలుగైదు గేములయ్యాక వాళ్లకే తెలుస్తుంది.

రేటింగ్ దగ్గర ఇంకో సంగతి. పెద్దాయన ఎవరైనా "నేను 150" అంటే, ఓస్ ఇంతేనా అనుకుని కూర్చోకండి. 2020 దాకా ఇంగ్లండ్‌లో మూడంకెల గ్రేడ్లుండేవి. దాన్ని ఏడున్నరతో గుణించి 700 కలిపితే ఇప్పటి రేటింగ్. అంటే ఆయన 1825 ఆటగాడు. ఆయన వేసే ఓపెనింగ్ మీరు పుట్టక ముందు నుంచీ వేస్తున్నాడు.

సభ్యత్వాలు రెండు. ఒకటి క్లబ్బుకి కట్టేది, రెండోది ఇంగ్లిష్ చెస్ ఫెడరేషన్‌ది. ఏ స్థాయి సభ్యత్వం కావాలో మీ కెప్టెన్‌ని అడిగే కట్టండి, ఊరికే పెద్దది తీసుకుని డబ్బులు తగలేసుకోవద్దు. ఇండియాలో ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) ఐడీ ఉంటే కొత్తది చేయించుకోకండి, ఆ నంబరే ఇవ్వండి. లీగ్ ఆడటానికి ఫిడే దగ్గర మీ దేశం ఇండియా అని ఉన్నది మార్చుకోవాల్సిన పని లేదు.

ఇక అసలు చెప్పాల్సింది. మ్యాచ్‌కి వారం ముందు కెప్టెన్ మెయిల్ పెడతాడు, మంగళవారం వస్తావా అని. మనం మొహమాటానికి "ష్యూర్" అనేస్తాం. వెళ్లకపోతే ఏమవుతుందిలే, ఇంకెవరైనా ఆడతారు అనుకుంటాం. ఆడరు. పోయిన చలికాలంలో మా హాల్లోనే జరిగింది. మన కుర్రాడొకడు వస్తానని చెప్పి, ఆరున్నరకి "సారీ, ఆఫీస్ కాల్" అని మెసేజ్ పెట్టాడు. ఎదుటి ఆటగాడు ఆఫీసు నుంచి నేరుగా, వానలో గంటసేపు కారు నడుపుకుంటూ వచ్చాడు. తెల్ల పావులు ఆయనవే. రాజు ముందున్న బంటుని రెండు గళ్లు జరిపి, గడియారం నొక్కి, కాగితం మీద ఆ ఒక్క ఎత్తూ రాసుకున్నాడు. ఖాళీ కుర్చీ ముందు కోటు కూడా విప్పకుండా కూర్చున్నాడు. టైమ్ దాటాక పాయింట్ ఆయనకొచ్చింది. మిగతా మూడు బోర్డుల్లో మాకు ఒకటిన్నర. మొత్తం మీద రెండున్నర, ఒకటిన్నరతో ఓడిపోయాం. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆ తర్వాత కొన్ని వారాల పాటు అతనికి మెయిల్ రాలేదు, అంతే. సోమవారమే "కుదరదు" అని చెప్పినవాడిని మాత్రం మళ్లీ పిలుస్తారు. పది గేములు ఓడినా టైమ్‌కి వచ్చేవాడంటే కెప్టెన్లకి ప్రాణం.

మ్యాచ్ రోజు పద్ధతులు మీకు తెలిసినవే. ముట్టుకున్న పావే కదపాలి, ఫోన్ పూర్తిగా ఆఫ్ చేయాలి. సైలెంట్‌లో పెట్టాను అంటే కుదరదు. ఎదుటివాడు డ్రా అడిగితే, టీమ్ స్కోర్ ఎలా ఉందో చూసుకుని, ఒప్పుకోవచ్చా అని కెప్టెన్‌ని అడగచ్చు. బోర్డు మీద ఆట ఎలా ఉందన్న దాని గురించి మాత్రం ఆయన నోరెత్తకూడదు. గేమ్ అయ్యాక వెంటనే బ్యాగ్ తగిలించుకుని పోకండి. ఇద్దరూ పక్క గదికి వెళ్లి ఎక్కడ తప్పిందో వేసి చూసుకుంటారు. మీ ఆట బాగుపడేది అక్కడే, పరిచయాలయ్యేదీ అక్కడే. డెబ్బై ఏళ్లాయన్ని పేరుపెట్టి పిలవడానికి నోరు రాదు, నిజమే. "సర్" అంటే ఆయనే ఇబ్బంది పడతాడు, అలవాటు చేసుకోండి.

పబ్‌లో మ్యాచ్ అంటే తాగాలేమోనని టెన్షన్ పడకండి, ఆరెంజ్ జ్యూస్ పట్టుకుని కూర్చుంటే అడిగేవాడుండడు. శాకాహారులైతే ఇంట్లో తినేసి వెళ్లండి, అక్కడ దొరికేది టీ, బిస్కెట్లే. గేమ్ పదిన్నర దాకా సాగుతుంది. పక్క ఊరి మ్యాచ్ అయితే ఆఖరి బస్సు ఎన్నింటికో ముందే చూసుకోండి. కారున్న టీమ్‌మేట్ దింపుతానంటే ఎక్కండి, పెట్రోల్‌కి మీ వాటా ఇవ్వండి.

ఆట కుదురుకున్నాక వారాంతాల్లో హోటళ్లలో జరిగే ఫోర్ నేషన్స్ చెస్ లీగ్ ఉంది. పై డివిజన్లలో గ్రాండ్‌మాస్టర్లు కూడా ఆడతారు. ముందు మీ ఊరి క్లబ్ నైట్ (క్లబ్బువాళ్లు కలిసి ఆడే సాయంత్రం) ఏ రోజో ఫెడరేషన్ సైట్‌లో చూసుకుని వెళ్లండి. సెప్టెంబర్‌లో వెళ్తే టీమ్ లిస్టులోనే పేరు పడుతుంది. జనవరిలో వెళ్లినా కాదనరు, అప్పటికి సగం టీమ్ జలుబుతో మంచమెక్కి ఉంటుంది.