ప్లాటు అమ్మి బిట్స్‌కి పంపాలా, జేఎన్‌టీయూ క్యాంపస్ చాలా?

ప్రశ్న: మేడం గారూ నమస్తే. మాది జగిత్యాల, చిన్న హార్డ్‌వేర్ షాపు నడుపుకుంటం. మా పాపకు ఎప్‌సెట్ల వెయ్యి పైచిలుకు ర్యాంకు వచ్చింది, కూకట్‌పల్లి జేఎన్‌టీయూల ఈసీఈ వస్తదని అందరు అంటున్నరు. బిట్స్ అనే ప్రైవేటు యూనివర్సిటోళ్ల ఎంట్రెన్స్ బిట్‌శాట్ స్కోరుకేమో బిట్స్ హైదరాబాద్‌ల సివిల్ వచ్చేటట్టున్నది. పాపకు బిట్స్ మీదనే మనసు. మా బామ్మర్ది కూడ "బిట్స్ అంటే బిట్సే బావా, పేరు చూసే ఉద్యోగాలిస్తరు" అని రోజూ ఫోన్ చేస్తున్నడు. మాకు 200 గజాల ప్లాటు ఒకటున్నది, అది అమ్మాల్నా లోన్ పెట్టాల్నా తోస్తలేదు. స్టేట్ యూనివర్సిటీల చదివితే పాప వెనకబడుతదా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. ఫీజు ఉంది, ప్లాటు ఉంది, బామ్మర్దిగారు ఉన్నారు, పాపకి ఏం చదవాలనుందో మాత్రం ఒక్క ముక్క లేదు. ఈసీఈకీ సివిల్‌కీ సంబంధమే లేదు కదా, ఒకటి చిప్పులూ సిగ్నల్సూ, ఇంకోటి బ్రిడ్జిలూ నీళ్ళూ నేలా. మీరు రెండు కాలేజీలని పోలుస్తున్నాం అనుకుంటున్నారు, నిజానికి పోల్చాల్సింది రెండు చదువుల్ని. ముందు పాపని కూర్చోబెట్టి "కాలేజీ పేరు తీసేస్తే ఈ రెండింట్లో ఏది చదువుతావమ్మా" అని అడగండి. "సివిల్ నాకిష్టం" అంటే నా జవాబు మొత్తం మారిపోతుంది. కానీ నాకొచ్చే ఉత్తరాల్లో నూటికి తొంభై మంది చెప్పేది వేరే, "సివిల్‌లో చేరి కోడింగ్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళిపోతా" అని. వెళ్ళొచ్చు, బిట్స్‌లో అలా వెళ్ళేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు, కాదనను, కానీ ఆ నాలుగేళ్ళూ ఇష్టంలేని సబ్జెక్టులు పాస్ అవుతూ పక్కన ఇష్టమైంది సొంతంగా నేర్చుకోవాలి, అంత దమ్మున్న పిల్ల జేఎన్‌టీయూ ఈసీఈలో ఉన్నా అదే పని ఇంకొంచెం తేలిగ్గా చేస్తుంది.

ఇక డబ్బులు. బిట్స్‌లో నాలుగేళ్ళకి ట్యూషన్, హాస్టల్, మెస్, రానూపోనూ ఖర్చులు అన్నీ కలిపితే పాతిక లక్షలు దాటుతుంది. అంతా లోనే అనుకుందాం, పదిన్నర శాతం వడ్డీకి పదేళ్ళు కట్టాలంటే నెలకి 33 వేల పైన ఈఎంఐ, అది కూడా చదువుకునే రోజుల్లో పేరుకునే వడ్డీ కలపకుండా. సర్వీస్ కంపెనీలో ఫ్రెషర్‌కి ఏడాదికి మూడున్నర లక్షలిస్తే చేతికొచ్చేది నెలకి పాతిక వేల చిల్లర. అంటే మంచి ప్యాకేజీ వస్తే సరే, రాకపోతే జీతం మొత్తం పోసినా ఈఎంఐకి చాలదు, మిగతాది మీ షాపు గల్లాపెట్టెలోంచే. ఈ లెక్క బామ్మర్దిగారికి ఫోన్‌లో కాదు, కాగితం మీద రాసి చూపించండి.

అయినా బిట్స్‌కే వెళ్తానంటే ప్లాటు జోలికి వెళ్ళకుండా ముందు బ్యాంకుకి వెళ్ళండి. 2024 నవంబర్‌లో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి అని పథకం తెచ్చింది, మొదలుపెట్టినప్పుడు 860 విద్యాసంస్థల జాబితా పెట్టారు, అందులో ఉన్న కాలేజీలో మెరిట్ మీద సీటొస్తే తాకట్టు లేకుండా, హామీదారు లేకుండా లోన్ ఇవ్వాలి. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు లోన్ మీద 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది, కానీ అది ఏడాదికి లక్ష మందికే, అందరికీ వస్తుందని లెక్కలో వేసుకోకండి. బిట్స్ వాళ్ళకి మెరిట్ కమ్ నీడ్ స్కాలర్‌షిప్ ఉంటుంది, దానికీ అప్లై చెయ్యండి.

మరి అన్ని లక్షలకి బిట్స్‌లో దొరికేదేంటి అంటే, దొరుకుతుందండీ, ఊరికే తీసుకోరు. అక్కడ అటెండెన్స్ తప్పనిసరి కాదు, పిల్లలు తమ టైమ్ తామే వాడుకోవాలి, అది కొందరికి రెక్కలు, కొందరికి గొయ్యి. ప్రాక్టీస్ స్కూల్ అని రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు, ఫైనలియర్‌లో ఒక సెమిస్టర్ మొత్తం కంపెనీలో పని చేయిస్తారు. అన్నిటికన్నా పెద్ద లాభం పక్క బెంచీ వాళ్ళు, ఒకడు స్టార్టప్ అంటాడు ఒకడు రీసెర్చ్ పేపర్ రాస్తాడు, ఆ గాలికి మామూలు పిల్లాడు కూడా కదులుతాడు. ఇది నేను ఒప్పుకుంటాను.

నేను చదివింది కూడా ఓ స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లోనే. పేరు చెప్పను, నాకు పాఠం చెప్పినవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో బ్యాచ్‌కి ఆరుగురం, సిగ్నల్‌ని తెరమీద గీతగా చూపించే సీఆర్‌ఓ మెషిన్ పనిచేసేది ఒక్కటే, దాని నాబ్ ఊడిపోతే ల్యాబ్ అసిస్టెంట్ ఓ నీలంరంగు పెన్ను క్యాప్ తొడిగాడు, చదువు అయ్యేదాకా ఆ పెన్ను క్యాప్ తిప్పుకుంటూనే సైన్ వేవ్ చూశాం. ప్రొవిజినల్ సర్టిఫికెట్ కోసం ఎగ్జామినేషన్ బ్రాంచ్ కిటికీ ముందు మూడు రోజులు నిలబడితే నాలుగో రోజు "మీ ఫైలు పక్క సెక్షన్‌లో ఉందమ్మా" అన్నారు. అలాంటి చోటికి పాపని పంపుతున్నాం అని తెలిసే పంపండి. 75 శాతం అటెండెన్స్ పట్టుకుని కూర్చుంటారు, సిలబస్ మెల్లగా మారుతుంది. కానీ మా క్లాసులో కూడా మంచి ర్యాంకర్లే ఉండేవాళ్ళు, ఎంటెక్ ఎంట్రెన్స్ గేట్‌కి రాత్రిళ్ళు లైబ్రరీలో కూర్చున్న ఆ నలుగురైదుగురి వల్లే నేనూ కూర్చున్నా. క్యాంపస్ కాలేజీలో దొరికే అసలు సరుకు అదే, తక్కువ ఫీజుకి మంచి ర్యాంకర్ల సావాసం.

క్యాంపస్ అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త. మన దగ్గర "జేఎన్‌టీయూలో సీటొచ్చింది" అంటే మూడు అర్థాలున్నాయి. కూకట్‌పల్లి క్యాంపస్ ఒకటి. మంథని, సుల్తాన్‌పూర్, మీ జగిత్యాల పక్కన కొండగట్టు, ఇలా యూనివర్సిటీ సొంత కాలేజీలు వేరే. ఇక జేఎన్‌టీయూకి అనుబంధంగా ఉండే ప్రైవేటు కాలేజీలు ఎన్నో. వెబ్ ఆప్షన్లలో కూకట్‌పల్లి కోడ్‌కీ మంథని కోడ్‌కీ చివర ఒక్క అక్షరమే తేడా, అర్ధరాత్రి నెట్ సెంటర్లో నిద్రమత్తులో పెట్టేసి తర్వాత ఏడ్చినవాళ్ళు నాకు తెలుసు. అలాగే రెగ్యులరా సెల్ఫ్ ఫైనాన్సా చూడండి, రెండింటి ఫీజులూ ఒకటి కావు. ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ కోర్సు కూడా ఆ లిస్టులోనే ఉంటుంది, అది నాలుగేళ్ళ బీటెక్ అనుకుని టిక్ పెట్టకండి.

వెనకబడుతుందా అన్నారు. అడోబ్‌ని ఏళ్ళ తరబడి నడిపిన శంతను నారాయణ్ ఉస్మానియాలో ఎలక్ట్రానిక్స్ చదివి, అమెరికాలో బౌలింగ్ గ్రీన్ స్టేట్ యూనివర్సిటీలో ఎంఎస్ చేశారు. సత్య నాదెళ్ల ఎంఎస్ చేసింది మిల్వాకీలోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో, అదీ స్టేట్ యూనివర్సిటీయే. (ఈ రెండు పేర్లు చూపించి "ఎక్కడ చదివినా ఒకటే" అనే వాట్సాప్ మెసేజులు నాకూ వస్తాయి, నేనలా అనట్లేదు, వాళ్ళు కోట్లలో ఒకరు.) స్టేట్ యూనివర్సిటీ డిగ్రీ తలుపు మూసెయ్యదు అని చెప్పడానికి ఆ రెండు పేర్లు చాలు, అంతే.

నా మాటైతే ఇదీ. పాపకి సివిల్ మీద ప్రత్యేకంగా ఇష్టం లేకపోతే జేఎన్‌టీయూ ఈసీఈలో చేర్పించండి, ప్లాటు ఉంచండి, రేపు ఎంటెక్ అనో ఎంఎస్ అనో అన్నప్పుడు అది పనికొస్తుంది. అదే బిట్స్‌లోనే ఈసీఈ వచ్చి ఉంటే లోన్ పెట్టుకుని వెళ్ళమనేదాన్ని, అప్పుడు కూడా ప్లాటు అమ్మమని అనేదాన్ని కాదు. ఒక పని చెయ్యండి, రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ వస్తుంటే ఎలాగూ శామీర్‌పేట తగులుతుంది, బిట్స్ ముందు చూడండి, తర్వాత మెట్రోలో జేఎన్‌టీయూ కాలేజ్ స్టేషన్‌లో దిగి ఆ క్యాంపస్ చూడండి, క్యాంటీన్‌లో థర్డియర్ ఈసీఈ పిల్లలతో పాపని ఒక గంట మాట్లాడనివ్వండి, మీరు దూరంగా టీ తాగండి.

ప్రశ్న: అక్కా, మాది అమలాపురం దగ్గర. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల కౌన్సెలింగ్ జోసాలో ఈశాన్యం వైపు ఒక ఎన్‌ఐటీలో మెకానికల్ వచ్చింది, ఇక్కడ జేఎన్‌టీయూ కాకినాడ క్యాంపస్‌లో సీఎస్ఈ వచ్చేలా ఉంది. నాకు కంప్యూటర్సే ఇష్టం. ఎన్‌ఐటీ వదిలేస్తే మా నాన్న జీవితాంతం తిడతారేమోనని భయం. ఇంకోటి, ఫ్లోట్ పెడితే ఉన్న సీటు పోతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: పోదురా తమ్ముడూ. ఫ్లోట్ అంటే ఉన్న సీటు చేతిలో పెట్టుకునే, నువ్వు లిస్టులో దానికన్నా పైన రాసుకున్నవి ఏ కాలేజీవైనా వస్తే మారతానని చెప్పడం, పైది వస్తేనే కిందది పోతుంది. స్లైడ్ అంటే అదే కాలేజీలో పై బ్రాంచ్ వస్తేనే మారతానని. ఫ్రీజ్ అంటే ఇంక కదలనని. పైన ఇష్టంలేనివి రాసి ఉంటే మాత్రం ఫ్లోట్ పెట్టకు, వచ్చాక "ఇది వద్దు, పాతదే ఇవ్వండి" అంటే ఇవ్వరు. జోసా రౌండ్లు అయ్యాక ఎన్‌ఐటీల్లో మిగిలిపోయిన సీట్లకి సీశాబ్ అని స్పెషల్ రౌండ్లు కూడా ఉంటాయి, దాని మీదా కన్నేసి ఉంచు.

నాన్నగారి సంగతికొస్తే, ఆయన్ని తప్పు పట్టలేం. ఎన్‌ఐటీలో ట్యూషన్ ఏడాదికి 1.25 లక్షలు, ఇంటి ఆదాయం లక్ష నుంచి 5 లక్షల లోపైతే అందులో మూడింట రెండొంతులు మాఫీ, లక్ష లోపైతే మొత్తం మాఫీ. పేరూ ఉంది, సర్కారు ఫీజూ ఉంది, ఇది పై ఉత్తరంలో పాతిక లక్షల కేసు కాదు, అందుకే నీది నిజంగా కష్టమైన ప్రశ్న. వరంగల్ ఎన్‌ఐటీలో మెకానికల్ అయి ఉంటే నేనూ రెండు రోజులు ఆలోచించేదాన్ని. కానీ నీకు కంప్యూటర్సే ఇష్టం అని నువ్వే రాశావు, వచ్చిందేమో దూరంగా ఉన్న కొత్త ఎన్‌ఐటీలో మెకానికల్. కాకినాడకే వెళ్ళు. నాన్నగారితో గొడవ పడకుండా ఒక్క ముక్క చెప్పు, కాకినాడ కాలేజీ 1946లో మొదలైంది, వరంగల్‌లో ఆర్‌ఈసీకి, అంటే రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీకి, నెహ్రూ శంకుస్థాపన చేసింది 1959లో, దానికి ఎన్‌ఐటీ అన్న పేరొచ్చింది 2002లో. మన కాకినాడ నిన్న మొన్నటి కాలేజీ కాదని ఆయనకీ కొంచెం ధైర్యం వస్తుంది. గోదావరి జిల్లాల పెద్దవాళ్ళకి ఈ మాట బాగా ఎక్కుతుంది, నమ్ము.

ప్రశ్న: మా అబ్బాయికి ఎప్‌సెట్‌లో 40 వేల ర్యాంకు. ఒక డీమ్డ్ యూనివర్సిటీ వాళ్ళు రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసి, హైయెస్ట్ ప్యాకేజీ 50 లక్షలు, ఈ ఆదివారంలోగా లక్ష కట్టి సీటు బ్లాక్ చేసుకోండి అంటున్నారు. కట్టమంటారా?

జవాబు: ఈ ఆదివారం కట్టకండమ్మా. హైయెస్ట్ ప్యాకేజీ అంటే ఒక్క పిల్లాడి జీతం, మీకు కావాల్సింది మధ్యలో ఉన్న పిల్లాడి జీతం, దాన్ని మీడియన్ అంటారు. కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కి వివరాలు పంపిన కాలేజీలు తమ వెబ్‌సైట్‌లో ఆ ఫైలు పెట్టాలి, అందులో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ ఎంత, ఎంతమంది పైచదువులకి వెళ్ళారు అన్నీ ఉంటాయి. ఆ ఫోన్ చేసే అమ్మాయిని "మీ మీడియన్ ఎంత" అని అడిగి చూడండి, చాలామటుకు "మా సార్ మీకు కాల్ చేస్తారు" అంటుంది. సార్ కాల్ చేస్తే సీటు వదులుకుంటే ఎంత వాపసిస్తారో కాగితం మీద అడగండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వకండి, వాటిని అట్టిపెట్టుకోకూడదని యూజీసీ ఎప్పుడో చెప్పింది, చూసి జిరాక్సులు తీసుకోమనండి. ఈలోగా ఎప్‌సెట్ ఫస్ట్ ఫేజ్ అలాట్‌మెంట్ రానివ్వండి, చేతిలో ఒక సీటు ఉంటే ఆ ఫోన్లు చూస్తే భయం వెయ్యదు.